చెవులు వాల్చిన గుర్రం

నేను చెక్కుతున్న ఆకు పూర్తయ్యేలోగా జవాబు చెప్పమన్నాడు, నాకు చెక్కపని నేర్పే ఐవిన్. నార బట్టలో చుట్టిన పలకను నా బల్ల చివర పెట్టి, పొయ్యిలోకి కట్టెలు తెస్తానంటూ బయటికి వెళ్లాడు. ఉలి నా చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం కదలడం లేదు. నలభై దాటాక నన్నొక మనిషి అడిగాడు, అదీ తాతల కాలంలో అడిగినట్టు, ఇస్త్రీపలక చెక్కి. ఇప్పుడెవరి ఇంట్లో వాడుతున్నారు వాటిని? కర్రకు బట్ట చుట్టి, పైన ఈ పొడుగాటి పలక పెట్టి ముందుకూ వెనక్కూ దొర్లించి ముడతలు తీసే రోజులు మా అమ్మమ్మతోనే పోయాయి. పలక పోయినా పద్ధతి పోలేదు. మగవాడు తన చేత్తో చెక్కి ఇస్తాడు. పట్టుకునేందుకు గుర్రం బొమ్మ, చుట్టూ ఆకుతీగ, మధ్యలో ఆ అమ్మాయి పేరు అక్షరాలు. తీసుకుంటే పెళ్లి. తిప్పి ఇచ్చేస్తే ఆ పలక ఇక ఏ ఆడదానికీ ఇవ్వకూడదు, పొయ్యిలో పెట్టాలి, ఇంకొకటి మొదటినుంచి చెక్కుకోవాలి. ఇందాక ఐవిన్ గడ్డం గోక్కుంటూ, నా మొహం చూడకుండా, "మాటలు అక్కర్లేదు రగ్నా. సరేననుకుంటే చంకలో పెట్టుకుని పో. వద్దనుకుంటే తలుపు పక్క ఆ మేకుకు తగిలించి పో. నేనేమీ అనుకోను," అన్నాడు. గడప దాటబోతూ మళ్లీ ఆగాడు. "అక్కకు మాత్రం అప్పుడే చూపించకు. తన గొంతు తెలుసుగా, అవతలి ఒడ్డుదాకా పెళ్లి భోజనాలకు పిలిచేస్తుంది." నవ్వాను. నిజమే, తూరా అక్క పశువుల్ని పిలిస్తే కొండమీది ఆవులే కాదు, సరస్సు అవతల మా బేకరీలో నేను కూడా తల తిప్పి చూస్తాను.

కొట్టం కిటికీలోంచి సరస్సు తెల్లగా కనిపిస్తోంది. గడ్డకట్టి, పైన మంచు పరుచుకుని, అప్పుడే అంచుల్లో నీలం పడుతోంది. జనవరిలో ఇక్కడ మధ్యాహ్నం తిన్నది అరగకముందే సూర్యుడు కొండ దిగిపోతాడు. ఉలి ఆనించాను. రెండు చేతులూ అంచుకు వెనకే ఉండాలి, అది మొదటి పాఠం, ముందుకు పోతే ఉలికి చెక్కకూ వేలికీ తేడా తెలియదు. పిండి మాత్రమే తెలిసిన చేతులు నావి. పిండిలో తప్పు జరిగితే మళ్లీ పిసికి ముద్ద చేయొచ్చు, గట్టిపడితే నీళ్లు, జావయితే పిండి. చెక్క అలా కాదు. "తీయగలం, పెట్టలేం," అనేవాడు ఐవిన్, నా చేతిలోంచి ఉలి తీసుకుంటూ, ఆ తీసుకోవడంలో వేళ్లు కాస్త ఎక్కువసేపు ఆగేవి, నాకది బాగానే ఉండేది. రెండో పాఠం తీగ. ఆకు ఎన్ని మెలికలు తిరిగినా వేలు పెట్టి వెనక్కి పోతే కాడ దొరకాలి, కాడ వెంట పోతే మూలం దొరకాలి. కాడ లేకుండా ఖాళీ నింపడానికి చెక్కిన ఆకును ఇక్కడ దొంగాకు అంటారు. మొదట్లో నావన్నీ దొంగాకులే. "ఇదెక్కడినుంచి వచ్చిందమ్మా?" అని అడిగేవాడు. "గాలికి కొట్టుకొచ్చిందండీ," అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్లం. ఈ ఆకు మొక్కను లోయలో ఎవరూ కళ్లతో చూడలేదు, ఎక్కడో ఎండదేశపు ముళ్లమొక్కట, చర్చిలో బలిపీఠం మీద చూసి తాతలు నేర్చుకున్నారు, అప్పటినుంచీ చూడని మొక్కనే చెక్కుతున్నారు. అందుకేనేమో నియమాలు ఇంత గట్టివి. చూడనిదాన్ని చెక్కేటప్పుడు అబద్ధమాడటం సులువు.

ఆకు పూర్తయ్యేదాకా విప్పొద్దని అనలేదు కదా. ఉలి పక్కన పెట్టి బట్ట తీశాను. అబ్బ. తేనెరంగు బర్చ్ చెక్క. తీగ ఒక మూల పుట్టి, అలలా లేచి, మళ్లీ తనలోకి తాను ముడుచుకుని, ఒక్క దొంగాకు లేకుండా చివరిదాకా పారింది. ఆ చివర గుర్రం మెడ వంచి నిలబడింది. మధ్యలో లోతుగా తవ్విన అక్షరాలు, నా పేరుదొకటి, ఇంటిపేరుదొకటి. ఇంత పని నాకోసం. కళ్లు తడిశాయి, సిగ్గేసింది, ఎవరూ చూడటం లేదని చుట్టూ చూశాను. తరవాత కళ్లు మూసి వేలితో తడిమాను, పని మంచిదో కాదో వేలినే అడగాలని ఆయనే నేర్పాడు. ఆకుల వెనక చదునుగా మిగిలే భాగాన్ని నేల అంటాం. పలకంతా నేల ఒకే మట్టంలో ఉండాలి. నా వేలు తీగ దగ్గర బయలుదేరి అక్షరాల వైపు నడిచింది, నడిచి, దిగింది. మళ్లీ తడిమాను. దిగుతోంది. అక్షరాల చుట్టూ నేల పళ్లెంలా లోపలికి వాలింది. కంటికి ఆనదు, వేలికి ఆనుతుంది. నవంబరులో నా ఉలి జారి నేలమీద గాటు పడితే ఏడ్చినంత పని చేశాను. ఐవిన్ నా వెనక నిలబడి చెవి దగ్గర చెప్పాడు, "గాటును అతికించకు. చుట్టూ నేల దించెయ్. దూరం నుంచి మెల్లగా వాలు తీసుకురా, ఎవరి కంటా పడదు. ముందు అక్కడ ఏమున్నా సరే, లేనట్టే అయిపోతుంది." ఏమున్నా సరే. ఆ రోజు ఆ మాట ఓదార్పులా వినిపించింది.

ఇక్కడ ముందు ఏముంది? గాటు పడిందేమో. పెద్ద పనివాడి ఉలి కూడా జారుతుంది, నా పేరు తవ్వుతుంటే చెయ్యి వణికిందేమో. అలా అనుకుంటే ఎంత బాగుందో. కానీ ఒక గాటుకోసం ఇంత నేల దించరు. రెండక్షరాల వెడల్పున దించారు, సరిగ్గా రెండక్షరాల వెడల్పున. ముందు ఇక్కడ ఇంకో పేరుంది. కాడ పట్టుకుని వెనక్కి పో రగ్నా, మూలం దొరకాలి. ఐవిన్ జీవితంలో పలక ఇచ్చింది ఒక్క మనిషికి. బొర్గిల్‌కి. ఆయన పెళ్లాం. ఆ పలక సరస్సులో పోయింది. బొర్గిల్‌తోపాటే పోయింది. నేను ఈ లోయకు రాకముందు మాట అది, తూరా అక్క వంటింట్లో వాఫిల్స్ కాలుస్తూ చెప్పింది, ఒకటి నా పళ్లెంలో, ఒకటి తన నోట్లో, పైన మేకపాల చీజ్ చెక్కలు. "మార్చి నెల, మంచు తెర, ముక్కు ముందు చెయ్యి కనబడట్లా. వాళ్లమ్మ ఇంటికని ఒంటికాలితో మంచుబండి తన్నుకుంటూ బయలుదేరింది పిచ్చిది. ఈస్టరుకు నారబట్టలు సాపు చెయ్యాలని పలక కూడా బండికి కట్టుకుందట, తమ్ముడే చెప్పాడు పోలీసాయనకి. దారి తప్పి, ఏరు సరస్సులో కలిసే ఏటినోటి దగ్గరికి పోయింది. అక్కడ మంచు ఎప్పుడూ పల్చనే కదా." వసంతంలో బొర్గిల్ దొరికింది, బండి దొరికింది. పలక దొరకలేదు. "చెక్క తేలుతుంది కదక్కా?" అన్నాను ఏదో మాటకి. తూరా అక్క పెనం మీద చెయ్యి ఆపింది. "తేలాలి. మంచు కరిగిందగ్గర్నుంచీ ఒడ్డు పట్టుకుని తిరిగాను అమ్మాయ్, బూట్లు అరిగిపోయాయి. ఆ ఒక్కటైనా తెచ్చి వాడి చేతిలో పెడదామని. తేల్లా."

వెనక్కి పోకూడదనిపిస్తోంది. వేలు తీసేయాలనిపిస్తోంది. కానీ తూరా అక్క ఆ రోజు ఇంకొకటి కూడా చెప్పింది, నవ్వుతూ చెప్పింది, "ఆ పలక మీది గుర్రం ఎవరనుకున్నావు? మా ఇంటి గుర్రం బ్లాకా. కుక్క కొరికి ఎడమ చెవి నిలువునా చీలింది. ఈ వెధవ ఆ చీలిక కూడా చెక్కాడు! బొర్గిల్ చూసి, ఒకటిన్నర చెవి గుర్రాన్నిస్తే నేను ఒకటిన్నర ముద్దే ఇస్తానంది." గుర్రాన్ని నా వైపు తిప్పాను. మెడ, జూలు, ముక్కు, ఏ లోపమూ లేదు. చెవులు. చెవులు వెనక్కి వాలి ఉన్నాయి, తలకు అతుక్కుపోయి. పెళ్లి గుర్రానికి ఎవడైనా చెవులు వాలుస్తాడా? మ్యూజియంలో, చర్చి పక్కింట్లో, ఎక్కడ చూసినా పలక మీది గుర్రం చెవులు నిక్కపొడుచుకునే ఉంటుంది, పెళ్లికొడుకు ఉషారులా. భయపడిన గుర్రం వాలుస్తుంది చెవులు. కరవబోయే గుర్రం వాలుస్తుంది. లేదా, నిలబడ్డ చెవిలో దాచాల్సింది ఏదో ఉంటే, చెక్కేవాడు దాన్ని తెగ్గోసి, తెగ్గోసినది కనబడకుండా తలకు అణచి చెక్కుతాడు. తీయగలం, పెట్టలేం. చీలిన చెవిని అతికించలేడు, పొట్టి చేయగలడు. బొటనవేలి గోరు ఎడమ చెవి మొదట్లో పెట్టి గీశాను. నున్నగా ఉంది. దేవుడా, నున్నగానే ఉంది, నేనే పిచ్చిదాన్ని. ఇంకాస్త కిందికి. గోరు కొస దిగబడింది. సన్నటి చీలిక, చెవి తలలో కలిసేచోట. ఉలి అంతదూరం పోలేదు, పోతే తల పగిలేది.

వేలు అక్కడే ఉంచి కూర్చున్నాను. పలక సరస్సులో పడలేదు. బొర్గిల్ దాన్ని బండికి కట్టుకోలేదు. ఈ ఇంట్లోనే ఉంది, ఇన్నేళ్లూ, తూరా అక్క ఒడ్డంతా వెతుకుతుంటే, సాయంత్రం తడిసిన బూట్లతో వచ్చి దొరకలేదురా అంటుంటే, తమ్ముడు తల వంచుకుని వింటుంటే, ఇక్కడే ఎక్కడో అటక మీద ఉంది. ఎందుకు అబద్ధం చెప్పాలి? ఒక ఆడది భర్త ఇచ్చిన పలకను ఏం చేస్తుంది? రెండే పనులు చేస్తుంది. వాడుకుంటుంది, లేదా తిప్పి ఇచ్చేస్తుంది. తిప్పి ఇస్తే ఎక్కడ పెడుతుంది? నా కళ్లు వాటంతట అవే తలుపు పక్కకు పోయాయి. మేకు. పాత మేకు, చేత్తో కొట్టిన నాటు మేకు, చుట్టూ గోడ చెక్క నల్లబడింది. బొర్గిల్ ఆ మేకుకు తగిలించింది. తగిలించి, బండెక్కి, అమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. పలక ఇంట్లో కనబడితే అది అందరికీ తెలిసిపోతుంది, అందుకే ఆ అబద్ధం. మేకుకు తగిలించిన రోజునే మంచు కింద మునిగింది. మరి దారి ఎలా తప్పింది? మంచు తెర, సరే. కానీ సరస్సు మంచు మీది దారి పొడుగునా దేవదారు కొమ్మలు పాతి ఉంటాయి, తెర ఉన్నప్పటికోసమేగా పాతేది, ఒక కొమ్మ దగ్గర నిలబడితే ఇంకో కొమ్మ కనబడుతుంది, పసిపిల్ల కూడా పోగలదు. శీతాకాలపు దారికి కొమ్మలు పాతడం ఈ ఇంటి వంతు. తండ్రి పాతేవాడు, తండ్రి తరవాత ఐవిన్. ఈ ఒడ్డువాళ్లూ ఆ ఒడ్డువాళ్లూ అందరూ ఐవిన్ కొమ్మల్ని నమ్మే మంచు మీద అడుగు పెడతారు. నేనూ. వారం వారం. ఇందాక కూడా.

కట్టెలకు ఇంత సేపా? ఈ ఆలోచన నాకు చలిగాలిలా మెడ మీద తగిలింది. కొట్టం గోడకే కదా కట్టెల దొంతి. బట్ట చుట్టేద్దామని చేతులు పోతున్నాయి, వేళ్లు మొద్దుబారి ముడి పడటం లేదు, బయట మంచు కరకరలాడింది, బూట్లు గడపకు కొట్టుకున్న చప్పుడు, చుట్టడం వదిలేసి ఉలి అందుకున్నాను. తలుపు తెరుచుకుంది. ఐవిన్. చేతిలో నాలుగు బర్చ్ కట్టెలు. మొహం చలికి ఎర్రబడి కుర్రాడిలా ఉంది. మోకాళ్లదాకా మంచు. "విప్పేశావా! ఆగలేకపోయావన్నమాట," అన్నాడు నవ్వుతూ. పొయ్యిలో కట్టె పెట్టాడు, చేతులు కాచుకున్నాడు, నా వెనక్కి వచ్చి నా ఆకు మీదికి వంగాడు. ఆ చెయ్యి నా భుజం మీదుగా ముందుకు వచ్చింది. చొక్కా అంచున ఉన్ని పోగుల్లో పచ్చటి సూదులు రెండు. దేవదారు సూదులు. అరచేతిలోంచి జిగురు వాసన, పచ్చి కొమ్మ విరిచినప్పటి వాసన. ఈ కొట్టంలో బర్చ్ తప్ప ఏదీ లేదు, పొయ్యిలో బర్చ్, బల్లమీద బర్చ్. "ఈ ఈనె ఇక్కడ ఆపేశావేం? కాడదాకా పోనియ్," అన్నాడు. పోనిచ్చాను. గీత వంకరపోయింది. "ఏమైంది?" "చలండీ." "ఇప్పటికీ అండీలేనా రగ్నా?" నా భుజం తట్టి కిటికీ దగ్గర తన బల్లకు వెళ్లాడు. సానరాయి మీద ఉలి పెట్టాడు. స్ర్‌ర్, స్ర్‌ర్.

ముందుకు, వెనక్కి. స్ర్‌ర్, స్ర్‌ర్. నాకు ఇష్టమైన చప్పుడు ఇది, మొదటిరోజు నుంచీ, దీనికోసమే చలిలో ఇంతదూరం వస్తున్నానేమో అని కూడా అనుకునేదాన్ని. ఇప్పుడు ప్రతి చప్పుడూ నా వెన్నులో గీత గీస్తోంది. రెండు జవాబులకూ సిద్ధపడ్డాడు. మంచి పనివాడు అంతే, కొయ్య ఎటు చీలినా చేతికి అందేలా ఉలి పెట్టుకుంటాడు. చంకలో పెట్టుకుంటే, నన్ను దారిదాకా దింపుతాడు, జాగ్రత్త రగ్నా, ఇవాళ ఇటు పోదాం అని చేయిపట్టి నడిపిస్తాడు. మేకుకు తగిలిస్తే, నేనేమీ అనుకోను అంటాడు, తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతాడు. నేను బండి తన్నుకుంటూ కొమ్మ వెంట కొమ్మ, కొమ్మ వెంట కొమ్మ. లేకపోతే ఇదంతా నా బుర్రలోని దొంగాకేనా? కట్టెలకోసం వెళ్లినవాడు దేవదారు చెట్టుకు రాసుకుని ఉండొచ్చు. చేతిపని కాల్చడానికి మనసొప్పక, పాత దుఃఖాన్ని పక్కకు పెట్టి, నాకిచ్చి ఉండొచ్చు, పాపం ఒంటరి మనిషి. నిజంగా అలాగే అయితే? ఈ వయసులో నన్ను అడిగిన ఒకే ఒక్కడిని హంతకుడిని చేసి కూర్చున్నానా? కానీ నేల దిగింది. చీలిక ఉంది. పలక మునగలేదు. వాటికి కాడ ఉంది, వేలు పెడితే వెనక్కి పోతోంది. చేతిలో ఉలి ఉంది కదా అనిపించింది ఒక క్షణం. మరుక్షణం ఆయన చేతిలోది నాకంటే పదునని గుర్తొచ్చింది. తలుపుకూ నాకూ మధ్య కిటికీ, కిటికీ దగ్గర ఆయన. ఆకులో ఒక్క మడత మిగిలింది. ఇంత మెల్లగా నేనెప్పుడూ చెక్కలేదు. పొరకు పొర తీస్తున్నాను, రొట్టె మీద వెన్న రాసినంత పల్చగా. పూర్తయితే జవాబు చెప్పాలి.

తూరా అక్క కాఫీ తెచ్చే వేళ అవుతోంది. నేను వచ్చిన ప్రతిసారీ తెస్తుంది, ప్రతిసారీ తలుపును తుంటితో నెడుతుంది, ఎందుకంటే రెండు చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఆమెకు తెలుసా? తెలిసే వాఫిల్స్ పెడుతూ నాకు కథ చెప్పిందా, లేక బూట్లు అరిగేలా తిరిగింది నిజమేనా? తెలిసి ఉంటే నా పని అయిపోయినట్టే. ఆ పెనం మీద ఆగిన చెయ్యి గుర్తు చేసుకున్నాను, మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను, ఆ చెయ్యి ఆగిన తీరులో అబద్ధం ఉందా అని. లేదు. చెక్క తేలాలి అన్న మనిషి గొంతు అది. దానికి కాడ ఉంది. మోచేతితో పలకను జరిపాను. పొట్టు తుడిచినట్టు, ఉలి అందుకున్నట్టు, కాస్త కాస్తగా. గుర్రం మొహం తలుపు వైపు తిరిగింది. సానరాయి ఆగింది. "ఏం చేస్తున్నావు?" "వెలుతురు చాలట్లేదు, అడ్డంగా ఉంది." రాయి కాసేపు మొదలవలేదు. నా వీపు మీద చూపు ఆనింది, నిజంగా ఆనింది, తడిబట్ట వేసినట్టు. తరవాత మళ్లీ, స్ర్‌ర్.

తలుపు ధడాలున తెరుచుకుంది, తుంటి ముందు, మనిషి వెనక. "ఏరా, ఈవిడ్ని గడ్డకట్టించి బొమ్మ చేసి చర్చికి అమ్ముతావా ఏం? పొయ్యిలో నిప్పేది?" అంటూ తూరా అక్క కాఫీ కూజాతో, కప్పులతో లోపలికి వచ్చింది. "అమ్మాయ్, ఆకు అయిందా, లేక నీ రొట్టెల్లాగే ఇంకా పొంగుతోందా?" ఉలి కొసతో, చాలా చిన్నగా, గుర్రం వైపు చూపించాను. తూరా అక్క చూసింది. కప్పులు నా బల్ల మీద పెట్టింది. కూజా చేతిలోనే ఉంచుకుని, రెండో చేతి బొటనవేలితో గుర్రం మెడ నిమిరింది, బతికిన గుర్రాన్ని నిమిరినట్టు, అక్కడినుంచి నుదురు, నుదుటినుంచి ఎడమ చెవి. వేలు చెవి మొదట్లో ఆగింది. అక్కడే ఉండిపోయింది. కూజా వంగి కాఫీ పొట్టులో పడుతోంది, ఆమెకు తెలియడం లేదు.

"ఈ గుర్రానికి ఈతొచ్చన్నమాట," అంది తూరా అక్క.

సానరాయి చప్పుడు లేదు. పొయ్యిలో కట్టె చిటపటమంది. "ఏ గుర్రం అక్కా? అది కొత్తది. రగ్నకోసం..." "కొత్తదే. చెవులు కూడా కొత్తవే." ఆమె గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది, ఆ గొంతు ఎప్పుడూ పెరిగే ఉంటుంది. "మే నెలంతా తిరిగాన్రా. నువ్వు నాకు రోజూ సూప్ కాచి పెట్టేవాడివి. పోనీలే అక్కా, సరస్సు ఉంచేసుకుందిలే అనేవాడివి." "అక్కా, నువ్వు..." "రగ్నా, లే. కోటు తొడుక్కో. గుర్రాన్ని పట్టుకో." లేచాను. పలకను ఎత్తాను. ఐవిన్ కిటికీ వెలుగుకు అడ్డంగా నిలబడ్డాడు, మొహం కనబడటం లేదు, చేతిలో ఉలి మెరుస్తోంది. "చంకలో పెట్టుకుంటే సరేనన్నట్టు రగ్నా," అన్నాడు మెత్తగా. "గుర్తుంచుకో." చంకలో పెట్టుకోలేదు. మేకు వైపు చూడలేదు. రెండు చేతుల్తో, రొట్టెల పళ్లెం మోసినట్టు, ముందుకు పట్టుకుని నడిచాను. అలా పట్టుకుంటే ఏమన్నట్టో పాతకాలపు పద్ధతిలో ఎవరూ చెప్పలేదు. గడప దాటుతుంటే వెనకనుంచి అదే మెత్తటి గొంతు. "చీకటి పడుతోంది. రోడ్డు చుట్టుదారి. మంచు మీదనుంచే వెళ్లు. కొమ్మలు సరిచేసి వచ్చాను."

నా మంచుబండి వాకిట్లోనే ఉంది. తూరా అక్క నన్ను ముందు పీట మీద కూర్చోబెట్టి తను వెనక తన్నడం మొదలుపెట్టింది, డెబ్బైకి దగ్గరపడిన మనిషి, నోటినుంచి ఆవిరి చిమ్ముతూ. రోడ్డు వైపే తిప్పింది. పలక ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరిగి తిరిగి చూశాను. తలుపు మూసే ఉంది. రోడ్డు సరస్సు మీదికి వంగే మలుపు దగ్గర తూరా అక్క కాలు నేల మీద ఆనించి ఆపేసింది. నీలం వెలుతురు ఇంకా ఉంది. కింద మంచు మీద దేవదారు కొమ్మలు వరసగా, నల్లగా, బుద్ధిగా నిలబడ్డాయి. కొంతదూరం మా బేకరీ వైపు తిన్నగా పోయి, అక్కడినుంచి మెల్లగా, దూరం నుంచి వాలు తీసుకున్నట్టు మెల్లగా, ఎవరి కంటా పడనంత మెల్లగా ఎడమకు తిరిగి ఏటినోటి వైపు పోతున్నాయి. ఏటినోటి దగ్గర గడ్డకట్టని నీళ్లు పొగలు కక్కుతున్నాయి. కానీ నేను చూస్తున్నది కొమ్మల్ని కాదు. కొమ్మలు తిరిగిన చోటునుంచి ముందుకు, పాత దారిలో, బేకరీకి తిన్నగా, మంచు మీద చిన్న చిన్న నల్లటి గుంటలు వరసగా ఉన్నాయి. కొమ్మలు పీకిన గుంటలు. తీయగలడు, పెట్టలేడు. "అక్కా, గుంటలు," అన్నాను. "చూశా," అంది. "ఆ రోజు మంచు పడి కప్పేసింది. ఇవాళ పడట్లేదు."

అప్పుడు కింద కొట్టం తలుపు తెరుచుకుంది. లాంతరు. లాంతరు మెట్లు దిగింది, ఒడ్డు దిగింది, మంచు మీదికి వచ్చింది, పక్కన పార నీడ. తొందర తొందరగా కొమ్మలు తిరిగిన చోటుకు పోతోంది. గుంటలు పూడ్చడానికి. పూడ్చేస్తే నా దగ్గర ఏముంది? ఒక చెవి మొదట్లో ఒక గీత. ఎవరు నమ్ముతారు, రొట్టెలు చేసేదాని వేలిని? తూరా అక్క బండి వదిలేసింది. రోడ్డు అంచుకు నడిచింది, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది, ఛాతీ నిండా గాలి పీల్చింది. ఆ పిలుపు వేసవిలో విన్నాను నేను, ఆవులకోసం, కొండలు కూడా తిరిగి పాడే పిలుపు. చలికాలంలో ఎప్పుడూ వినలేదు, చలికాలంలో ఎవరూ పిలవరు. సన్నగా మొదలై, పైకి, ఇంకా పైకి, గాజు మీద ఉలి గీసినట్టు సరస్సు మొత్తాన్ని కోసుకుంటూ అవతలి ఒడ్డుకు పోయింది. ఆమె మళ్లీ పిలిచింది. ఈసారి ఆవుల పేరు కాదు. బొర్గిల్ అని పిలిచింది.

అవతలి ఒడ్డున ఒక తలుపు తెరుచుకుంది, పసుపు వెలుగు మంచు మీద పడింది. ఇంకొకటి. మా బేకరీ పక్కిల్లు. పోస్టాఫీసు. మనుషులు వాకిళ్లలోకి వచ్చి నిలబడి సరస్సు వైపు చూస్తున్నారు. తెల్లటి సరస్సు మధ్యలో చూడటానికి ఉన్నది ఒక్కటే, ఆ లాంతరు. అది గుంటలకూ కొమ్మలకూ మధ్య ఆగిపోయింది, ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. తూరా అక్క గాలి పీల్చుకుని మళ్లీ నోటి చుట్టూ చేతులు పెట్టింది. నా బొటనవేలు ఇంకా గుర్రం చెవి చీలికలోనే ఉంది.